పేగు నిద్ర లేచే దాకా

పెద్దపేగు ఆపరేషన్ అయిన మూడో రోజు పొద్దున్నే మా బావగారి మంచం దగ్గరికి నర్సమ్మ వచ్చింది. ఫైలు తెరవకముందే అడిగింది: "తాతగారూ, గ్యాస్ పోయిందాండీ?"

బావగారు నా వంక ఒకసారి చూసి తల అటు తిప్పుకున్నారు. ముప్పై ఏళ్లు విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. రుషికొండలో ఇంటి దగ్గర మా అక్క గంటకోసారి ఫోన్ చేసి అడుగుతున్నదీ ఆ ఒక్క ప్రశ్నే. "మీ అక్క పురిటికి కూడా ఇంత ఎదురుచూడలేదురా" అన్నారు నెమ్మదిగా. నవ్వబోయి, కుట్లు లాగేసరికి ఆగిపోయారు.

"నొప్పి పదికి ఎంతండీ?"

"రూపాయికి ముప్పావలా ఉందమ్మా."

ఆ అమ్మాయి క్షణం ఆలోచించి ఏడున్నర అని రాసుకుంది. వెనకే వచ్చిన కుర్ర డాక్టరు చార్టు చూసి పెదవి విరిచాడు. మత్తు ఇంజెక్షన్ ఇంకోటి ఇస్తే నొప్పి తగ్గుతుంది కానీ పేగు ఇంకా ఆలస్యంగా కదులుతుంది. ఇవ్వకపోతే ఆయన గట్టిగా ఊపిరి తీయలేరు, దగ్గలేరు, నాలుగడుగులు వేయలేరు. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటే అదో గొడవ. ఈ అధ్యాయమంతా ఆ కుర్ర డాక్టరు విరిచిన పెదవి గురించే.

పొట్ట కోసి, పేగును చేతుల్లోకి తీసుకుని, చెడిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ కలిపి కుట్టాక పేగు మొరాయిస్తుంది. దీన్ని ఇలియస్ అంటారు. రోగికి చెప్పేటప్పుడు మాత్రం "పేగు నిద్రపోయిందండీ" అంటారు. మామూలుగా చిన్నపేగు ఒక రోజులో కదులుతుంది, జీర్ణాశయం ఒకటి రెండు రోజుల్లో, పెద్దపేగు రెండు మూడు రోజులకు. పేగు గోడలో దానికంటూ సొంత నాడీవ్యవస్థ ఉంది. అందులో పది కోట్లకు పైగా నాడీకణాలు. తిన్నదాన్ని ఎప్పుడు ముందుకు నెట్టాలో, ఎప్పుడు ఆపాలో చాలావరకు అదే చూసుకుంటుంది, మెదడును అడగదు. కత్తి తగిలినప్పుడు, చేతులు తగిలినప్పుడు, వాపు వచ్చినప్పుడు ఆ వ్యవస్థ పని ఆపేస్తుంది.

దాని మీద మనం పోసేది మార్ఫిన్. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ మెదడులోనూ వెన్నుపాములోనూ పట్టుకునే గ్రాహకాల లాంటివే పేగు గోడలోనూ ఉన్నాయి. మందుకు ఇది తల, ఇది కడుపు అని తేడా ఉండదు. తలలో నొప్పిని అణిచిన మందే కడుపులో కదలికనూ అణుస్తుంది. మన పెద్దవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆగని విరేచనాలకు నల్లమందు పెట్టేవారు. ఇవాళ మందుల షాపులో అడిగి తెచ్చుకునే లోపెరమైడ్ మాత్ర కూడా ఆ వంశంలోదే. మెదడులోకి దాదాపు పోకుండా పేగుల్లోనే పనిచేసేలా తయారుచేశారు, అంతే తేడా. అంటే పేగు ఆపరేషన్ అయిన మనిషికి నొప్పి తగ్గిస్తున్నామంటూనే విరేచనాలు ఆపే మందు ఇస్తున్నాం.

అమెరికాలో ఈ మందులు తగ్గించాలన్న ఆరాటానికి అసలు కారణం వ్యసనం. మన దగ్గర కథ వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కాగితాల మీద కాగితాలు అడిగి, కేన్సర్ రోగికి కూడా మార్ఫిన్ అందకుండా చేసింది. 2014లో సవరణ వచ్చాకే కాస్త వెసులుబాటు దొరికింది. కాబట్టి మార్ఫిన్ మీద భయం ఇంకా పెంచడం నా ఉద్దేశం కాదు. నొప్పి ఉన్నవాడికి మందు ఇవ్వాల్సిందే. నా ప్రశ్న చిన్నది. రోజుకు పది మిల్లీగ్రాములు కావలసిన చోట ఆరుతో సరిపెట్టుకోగలిగితే, ఆ మిగిలిన నాలుగూ పేగుకు దక్కుతాయి కదా?

సరిపెట్టుకునే దారులు చాలా ఉన్నాయి. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల నుంచి నేర్పిన పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. వెన్నులో సన్నని గొట్టం ద్వారా మొద్దుబార్చే మందు, పారాసెటమాల్, ఆపరేషన్ అయిన నాడే మంచం దిగి నడక, తొందరగా తిండి. నోట్లో చూయింగ్ గమ్ వేసి నమిలించేవాళ్లూ ఉన్నారు. నోరు ఆడితే భోజనం వస్తోందనుకుని పేగు లేస్తుందట. ఈ వరసలో ఓ పక్కన, కాస్త సిగ్గుపడుతూ నిలబడ్డదే హిప్నోసిస్.

ఆ సిగ్గుకు కారణం ఉంది. హిప్నాటిజం అనగానే మనకు సినిమాలో ఊగే లాకెట్టు, స్టేజీ మీద కుర్చీల మధ్య కర్రలా పడుకున్న కుర్రాడు గుర్తొస్తారు. బి.వి. పట్టాభిరామ్ లాంటివాళ్లు వేదిక మీదా టీవీలోనూ చూపిస్తే నోరు వెళ్లబెట్టి చూసిన తరం మాది. ఆయన మనస్తత్వశాస్త్రం చదువుకుని, హిప్నాటిజం వెనకున్న అసలు సంగతి కూడా విడమరిచి చెప్పేవారు. మాకు మాత్రం ఇంద్రజాలమే గుర్తుండిపోయింది. పైగా తెలుగులో దాన్ని వశీకరణం, సమ్మోహనం అన్నారు. రెండూ తప్పుడు పేర్లే. హిప్నోసిస్‌లో ఎవరూ ఎవరికీ వశం కారు. నిద్రా పోరు. మనిషి ధ్యాస ఒకచోట గట్టిగా నిలబడుతుంది, మిగతావన్నీ దూరం జరుగుతాయి. ఆ స్థితిలో చెప్పిన మాట మామూలప్పటికన్నా లోతుగా దిగుతుంది. ఉన్నదంతా అంతే.

అది మన ఊళ్లలో ఎప్పుడూ లేనిదీ కాదు. మా చిన్నప్పుడు తేలు కుడితే మంత్రం వేసే ముసలాయన ఉండేవాడు. వేపమండ పట్టుకుని కాలి మీద పైనుంచి కిందికి దింపుతూ, "ఎంతదాకా ఎక్కింది? మోకాలి దాకానా? ఇప్పుడు పిక్క దగ్గరకొచ్చింది సూడు. ఇప్పుడు మడమ. ఇంక వేలే" అనేవాడు. నిజంగానే నొప్పి వేలి దాకా దిగేది. విషం దిగేది కాదు. ఎర్రతేలు కుట్టిన పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్లకుండా మంత్రంతో సరిపెట్టుకుని పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. విషానికీ నొప్పికీ మధ్య ఉన్న ఈ తేడా వదిలిపెట్టకండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ విద్యను ఆపరేషన్ బల్ల మీదికి తెచ్చిన తొలివాళ్లలో ఒకడు పనిచేసింది మన దేశంలోనే. బెంగాల్‌లో హుగ్లీ జైలు ఆసుపత్రి డాక్టరు, స్కాట్లండ్ వాడైన జేమ్స్ ఎస్డేల్, 1845 ఏప్రిల్‌లో ఒక ఖైదీకి వరిబీజం చికిత్స చేస్తూ, తట్టుకోలేని నొప్పి చూసి హిప్నోసిస్‌కు పూర్వరూపమైన మెస్మరిజం ప్రయత్నించాడు. గంటల తరబడి ఒంటి మీద గాలిలో చేతులు దించడమే ఆ పద్ధతి. తర్వాత బోదవ్యాధితో పెరిగిన పెద్ద పెద్ద కణుతులను అలాగే కోసి తీశాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు ఆ జబ్బు ఎలా ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు. 1846లో ప్రభుత్వం కమిటీ వేసింది, కలకత్తాలో అతనికి ఒక ఆసుపత్రి కూడా ఇచ్చింది. కానీ అదే ఏడు అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ వచ్చింది, మరుసటి ఏడు క్లోరోఫాం వచ్చింది. గంటల తరబడి చేతులాడించే పనిని రుమాలు మీద నాలుగు చుక్కలు ఐదు నిమిషాల్లో చేసేస్తుంటే ఎస్డేల్‌ను పట్టించుకునేదెవరు? మరో నలభై ఏళ్లకు మన హైదరాబాదులోనే, నిజాం డబ్బుతో, 1888లోనూ 1889లోనూ క్లోరోఫాం కమిషన్లు కూర్చుని ఆ చుక్కలు ఎంత క్షేమమో తేల్చబోయాయి. గుండెకు ప్రమాదం లేదని ఎడ్వర్డ్ లారీ బల్లగుద్ది చెప్పాడు. ఆ మాట తర్వాత నిలవలేదు.

ఎస్డేల్ మనకు చేసిన అపకారం ఒకటుంది. హిప్నోసిస్ అంటే మత్తుమందు లేకుండా కోయడం అన్న ఊహ అప్పటినుంచీ జనం మనసులో నాటుకుపోయింది. ఇవాళ పేగు ఆపరేషన్‌లో దానికి ఆ పని లేదు. పూర్తి మత్తు ఇచ్చే కోస్తారు. హిప్నోసిస్ పని ఆపరేషన్‌కు ముందొకసారి, తర్వాత కొన్ని రోజులు.

ఆ ముందు పనికి నాకు బాగా నచ్చిన ప్రయోగం 1993లో అచ్చయింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డిస్‌బ్రో, బెనెట్, ఓయింగ్స్ అనే ముగ్గురు పొట్ట ఆపరేషన్‌కు వచ్చిన 40 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అయిదు నిమిషాల పాటు మామూలు ధైర్యవచనాలు చెప్పారు. రెండో జట్టుకు అదే అయిదు నిమిషాలు పేగుల గురించే చెప్పారు: ఆపరేషన్ అయ్యాక మీ కడుపు గుడగుడలాడుతుంది, పేగులు కదిలి నెట్టడం మొదలుపెడతాయి, మీకు తొందరగానే ఆకలేస్తుంది అని. మామూలు మాటలు విన్నవాళ్ల పేగులు సగటున 4.1 రోజులకు కదిలితే, పేగు మాటలు విన్నవాళ్లవి 2.6 రోజులకే కదిలాయి. 40 మంది చిన్న లెక్కే, దీన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కానీ అయిదు నిమిషాలకు రోజున్నర!

పెద్దపేగు ఆపరేషన్ మీదే జరిగిన పెద్ద ప్రయోగం క్లీవ్‌లాండ్ క్లినిక్‌ది, 1997లో. అక్కడి వాళ్లు హిప్నోసిస్ అనే మాట వాడలేదు, ఊహాచిత్రణ అన్నారు. చేసింది మాత్రం దానికి తోబుట్టువే. 130 మందిలో సగానికి టేపులిచ్చారు. ఆపరేషన్‌కు ముందు మూడు రోజులు, మత్తులో ఉండగా, తర్వాత ఆరు రోజులు విన్నారు. టేపు విననివాళ్లకు మార్ఫిన్ జాతి నొప్పిమందు మధ్యస్థంగా 326 మిల్లీగ్రాములు పట్టింది, విన్నవాళ్లకు 185. మొదటి విరేచనానికి విననివాళ్లు 92 గంటలు ఆగాల్సి వచ్చింది, విన్నవాళ్లు 58 గంటలు. మందు తగ్గడం, పేగు లేవడం జంటగా వచ్చాయి. ఆ కుర్ర డాక్టరు విరిచిన పెదవికి జవాబు ఉన్నది ఇక్కడే.

మాటలకు ఇంత బలం ఎక్కడిది? దీనికి ఇంగ్లిష్ పుస్తకాలు పేజీలకు పేజీలు కష్టపడతాయి. తెలుగులో మనకు రెండు మాటలు ముందే ఉన్నాయి: నొప్పి, బాధ. పోటు, సలుపు, తీపు, మంట, మెలిపెట్టడం, ఇవన్నీ నొప్పి రకాలు. ఎక్కడ, ఎంత, ఎలా అన్నది చెప్పేవి. బాధ వేరు. నొప్పి నన్ను ఏం చేస్తోంది అన్నది బాధ. "నొప్పి ఉందిగానీ బాధగా లేదు" అని మన ముసలమ్మలు అంటే వింతగా ఉండదు.

1997లోనే కెనడాలో పియర్ రెయిన్‌విల్ బృందం సరిగ్గా ఈ గీత దగ్గరే కొలిచింది. హిప్నోసిస్‌లో ఉన్నవాళ్ల చేతులు 47 డిగ్రీల వేడినీళ్లలో ముంచారు. నీళ్ల వేడి మార్చలేదు. మాటలతో ఒకసారి బాధ పెంచారు, ఒకసారి తగ్గించారు. బాధ మారినప్పుడల్లా మెదడు ముందుభాగంలోని సింగ్యులేట్ పట్టీలో చురుకు మారింది. చెయ్యి ఎక్కడ, వేడి ఎంత అని కొలిచే పైపొర మాత్రం చెక్కుచెదరలేదు. నొప్పికి ఒక గది, బాధకు ఇంకో గది. హిప్నోసిస్ తలుపు తట్టింది రెండో గదిది. తేలు మంత్రమూ అంతే. విషం ఉన్నచోటే ఉంది, బాధ దిగింది.

ఇంకో సంగతి ఉంది, పేగు విషయంలో అదే కీలకం. నలోక్సోన్ అని ఒక మందు ఉంది. మార్ఫిన్ పనినీ, ఒంట్లో సహజంగా పుట్టే మార్ఫిన్ లాంటి రసాయనాల పనినీ రద్దు చేస్తుంది. ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి నలోక్సోన్ ఇస్తే తిరిగొస్తుందని 1978లో చూశారు. హిప్నోసిస్‌తో తగ్గిన నొప్పి మీద దాన్ని గోల్డ్‌స్టీన్, హిల్గార్డ్ 1975లోనే ప్రయోగించారు. తిరిగి రాలేదు. 1983లో స్పీగెల్, ఆల్బర్ట్ చూసినా అదే ఫలితం. చిన్న ప్రయోగాలే అయినా ఈ రెండూ ఒకవైపే మొగ్గాయి. అంటే ఈ దారి నల్లమందు వీధి గుండా పోదు. ఆ వీధి గుండా పోని ఉపశమనం పేగును పడుకోబెట్టదు.

మనసు, శరీరం ఎక్కడ కలుస్తాయన్న ప్రశ్నకు విశాఖలో పాత చరిత్రే ఉంది. కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల విభాగం పెట్టారు. తర్వాతి కాలంలో రుషికొండ మీది గీతం విశ్వవిద్యాలయానికి కులపతి అయ్యారు. అతీంద్రియ శక్తుల వేట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ ఒక మాటతో పేగు కదలిక రోజున్నర ముందుకు జరగడం అతీంద్రియం కాకపోయినా, అంతే ఆశ్చర్యం మిగిల్చే విషయం.

అందరి మీదా ఇది ఒకేలా పనిచేయదు. 2019లో 85 ప్రయోగాలను కలిపి చూసిన లెక్కలో, సూచనలకు బాగా లొంగేవాళ్లలో నొప్పి 42 శాతం, మధ్యస్థుల్లో 29 శాతం తగ్గింది. కొద్దిమందికి ఏమీ కాదు. అది వాళ్ల మొండితనమూ కాదు, తెలివీ కాదు. ఎత్తు, పొట్టి లాంటి తేడా అంతే.

ఇక ఆ మాటలు ఎలా ఉండాలి? విశ్రాంతి టేపుల్లో ఎక్కువగా సముద్రమే ఉంటుంది: అలలు, ఇసుక, హాయి. రుషికొండ బీచికి ఆదివారం షికారుకొచ్చేవాళ్లకు అది బాగానే ఉంటుంది. అక్కడి జాలరికి సముద్రం సెలవు కాదు, డ్యూటీ. అలల చప్పుడు వింటే వాతావరణం ఎలా ఉందో లెక్కవేస్తాడు. మాట అతని చేతికి అలవాటైన పనిలోంచి రావాలి. మా బావగారి లాంటివాళ్లకు ఎలా చెప్పవచ్చో ఒక నమూనా ఊహించి చూశాను:

"కళ్లు మూసుకోండి. ఊపిరి వదులుతున్నప్పుడు భుజాలు కిందికి జారనివ్వండి. మీరు మీ కంట్రోల్ రూమ్‌లో మీ కుర్చీలో ఉన్నారు. ఎదురుగా మీటర్లు, దీపాలు. అన్నీ మీకు తెలిసినవే. పొట్ట దగ్గరి అలారం ఒకటి మోగుతోంది. అది చెప్పాల్సింది చెప్పేసింది, మీరు విన్నారు. ఇప్పుడు చెయ్యి చాచి అక్నాలెడ్జ్ బటన్ నొక్కండి. కూత ఆగింది. దీపం వెలుగుతూనే ఉంది, ఉండనివ్వండి. ఇప్పుడు పక్క లైన్ చూడండి. షట్‌డౌన్ ముగిసింది. కన్వేయర్ బెల్టు నెమ్మదిగా కదులుతోంది. గుడగుడమని చప్పుడు వస్తే అది బెల్టు కదిలిన చప్పుడే."

ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసిన ఎవరికైనా తెలుసు, అక్నాలెడ్జ్ నొక్కితే లోపం పోదు. కూత మాత్రమే ఆగుతుంది. దీపం నొప్పి, కూత బాధ. రెయిన్‌విల్ వేడినీళ్ల ప్రయోగం ఆ బటన్‌లో ఉంది. దీపం ఆర్పేయమని చెప్పకూడదు కూడా. కుట్టు వదిలినా, లోపల చీము పట్టినా డాక్టరుకు కబురు చెప్పాల్సింది ఆ దీపమే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లూ దేవతల పేర్లూ పెట్టుకున్న ఫర్నేసుల దగ్గర బతికినవాళ్లకు ఈ భాష కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇలాంటివి శిక్షణ పొందిన మనస్తత్వవేత్తో, మత్తు డాక్టరో చేయాలి. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. కానీ వార్డులో అందరం, తెలియకుండానే, రోజంతా సూచనలు ఇస్తూనే ఉంటాం. అమెరికాలో కాన్పు సమయంలో వెన్నులో మందిచ్చే ముందు 140 మంది మీద చూశారు. "తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్తే నొప్పి మధ్యస్థంగా 5, "మొద్దుబారుస్తున్నాం, హాయిగా ఉంటుంది" అని చెప్తే 3. అదే సూది, అదే మందు. మన నర్సులు "చీమ కుట్టినట్టు" అంటారు. తేనెటీగను చీమ చేసేశారు కాబట్టి కొంత మేలే. పరామర్శకొచ్చిన బంధువులతోనే చిక్కు: "మా పెదనాన్నకీ ఇదే ఆపరేషన్. పది రోజులు అల్లాడిపోయాడనుకో!"

మత్తులో ఉన్నవాళ్లకు కూడా మాట అందుతుందేమో అన్న అనుమానాన్ని జర్మనీలో అయిదు ఆసుపత్రులు 385 మంది మీద పరీక్షించాయి. ఫలితం 2020లో అచ్చయింది. ఆపరేషన్ సాగుతుండగా ఒక జట్టుకు చెవుల్లో సంగీతంతో కలిపి ధైర్యం చెప్పే మాటలు వినిపించారు. తర్వాతి 24 గంటల్లో వాళ్లకు మార్ఫిన్ జాతి నొప్పిమందు 34 శాతం తక్కువ పట్టింది. వాళ్లు మన పేగు రోగులు కారు, రకరకాల ఆపరేషన్ల వాళ్లు. అయినా మత్తులో ఉన్నవాడి తల దగ్గర నిలబడి ఇలాంటి కేసు చూడలేదు, చెడిపోయింది అని మాట్లాడుకునే డాక్టర్లు ఆ లెక్క ఒకసారి చూడాలి.

మా బావగారికి ఎవరూ హిప్నోసిస్ చేయలేదు. నాకు ఆ విద్య రాదు. మూడో రోజు మధ్యాహ్నం ఊరికే అడిగాను, ఫర్నేస్ ట్యాప్ చేసేటప్పుడు మొదటి చుక్క ఎలా ఉంటుందని. గంటంబావు చెప్పారు. రంధ్రం తెరవడం, ఇనుము ఎర్రగా, తర్వాత తెల్లగా కాలువలో పారడం, రవ్వలు. చేతులు ఆడిస్తూ చెప్పారు. ఆ గంటంబావులో నర్సును పిలిచే బెల్లు నొక్కలేదు. ఇది రుజువు కాదు. ఒక్క మనిషి, ఒక్క పూట. ఇంజెక్షన్ పొద్దున్నది ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు కూడా.

నాలుగో రోజు తెల్లవారుజామున నన్ను తట్టి లేపారు. నేను కంగారుగా నర్సును పిలవబోతే వద్దని చెయ్యి పట్టుకున్నారు. "మీ అక్కకి ఫోన్ కొట్టు" అన్నారు. "బెల్టు కదిలిందని చెప్పు."